వైద్య పత్రాలు కూడా అమానతే

ఏడు సంవత్సరాల క్రితం మా తల్లిగారు మూత్రపిండాల ఇన్ఫెక్షన్‌తో జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు. రెండవ రోజు ఇచ్చిన ఒక ఇంజెక్షన్ ఆమెకు పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. వైద్యులు సకాలంలో స్పందించారు. అల్లాహ్ దయవల్ల గండం గడిచింది. డిశ్చార్జి రోజున బిల్లు కట్టి, మందుల సంచి పట్టుకుని ఇంటికి వచ్చేశాము. ఆ ఇంజెక్షన్ పేరేమిటని అడగాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. ఇచ్చిన డిశ్చార్జి కాగితం కూడా ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

గత సంవత్సరం అదే జబ్బు తిరగబెట్టింది. హైదరాబాదులో అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాము. వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న, "అమ్మగారికి పడని మందులేమైనా ఉన్నాయా?" అని. "ఒక ఇంజెక్షన్ పడలేదండీ" అన్నాము. "ఏ ఇంజెక్షన్?" అని ఆయన అడిగారు. మంచం చుట్టూ నిలబడిన వాళ్లమందరం చదువుకున్నవాళ్లమే. ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

మా తమ్ముడు ఆ రాత్రే బస్సెక్కి పాత ఆసుపత్రికి వెళ్లాడు. "మూడేళ్లు దాటిన కేసుషీట్లు మా దగ్గర ఉండవు" అన్నారు రికార్డుల గదిలో. ఇక్కడి వైద్యుడు అనుమానం ఉన్న ఆంటీబయాటిక్‌లన్నిటినీ పక్కన పెట్టి, మిగిలిన వాటితోనే చికిత్స చేయవలసి వచ్చింది. మా తల్లిగారు కోలుకున్నారు, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ రాత్రంతా మమ్మల్ని బాధించింది ఒక్కటే. ఒక్క కాగితం భద్రంగా ఉండి ఉంటే ఆమె ప్రాణాన్ని అంత అనిశ్చితిలో పెట్టవలసిన అవసరం ఉండేది కాదు.

నియమం ఏమి చెబుతున్నది?

మొదట ఆ ఆసుపత్రిపై మాకు కోపం వచ్చింది. తరువాత నియమాలు చదివితే, తప్పులో మా వాటా ఎక్కువని తెలిసింది. వైద్యుల వృత్తి ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో రూపొందించిన నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుండి 3 సంవత్సరాల పాటు భద్రపరచాలి. రోగిగానీ, రోగి అధికారమిచ్చిన సహాయకుడుగానీ అడిగితే, ఆ కోరికను అందుకున్నట్లు తెలిపి, 72 గంటలలోగా పత్రాలు ఇవ్వాలి. రికార్డులు పొందడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రం కూడా స్పష్టం చేస్తున్నది.

అంటే హక్కు ఉన్నది, దానికి గడువు కూడా ఉన్నది. కొన్ని ఆసుపత్రులు మూడేళ్లకు మించి భద్రపరచవచ్చు, కానీ దానిని నమ్ముకుని కూర్చోలేము. చేరకుండా చూపించుకుని వచ్చే రోగుల విషయంలో, వైద్యుడు మన చేతికిచ్చిన మందుల చీటీయే చాలాసార్లు ఏకైక ఆధారం. దానిని మందుల దుకాణంలో వదిలేసి రావడం మనలో చాలామందికి అలవాటు.

ఎలా అడగాలి?

నోటిమాటగా అడిగితే "రేపు రండి" అన్న జవాబు వినవలసి రావచ్చు. వ్రాతపూర్వకంగా అడగడం మేలు. ఆసుపత్రి సూపరింటెండెంటుకు లేదా వైద్య రికార్డుల విభాగానికి ఒక చిన్న దరఖాస్తు చాలు. రోగి పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, బిల్లుపై ఉండే ఐ.పి. నంబరు వ్రాసి, "నా కేసుషీటు, ఆపరేషన్ వివరాలు, పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ నకళ్లు ఇప్పించగలరు" అని కోరాలి. గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. దరఖాస్తు రెండవ ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోవాలి. 72 గంటల లెక్కకు ఆ ముద్రే సాక్ష్యం. నకళ్లకు రుసుము అడిగితే చెల్లించి, రసీదు తీసుకోవాలి.

పెద్దలు స్వయంగా రాలేకపోతే, వారి సంతకంతో అధికార పత్రం తీసుకువెళ్లాలి. పిల్లల తరఫున తల్లిదండ్రులు అడగవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం, 2005 కింద కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చట్టం సాధారణంగా 30 రోజుల గడువు ఇస్తుంది, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలే. ప్రైవేటు ఆసుపత్రి అకారణంగా నిరాకరిస్తే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే మార్గం కూడా ఉన్నది.

అడిగే తీరు మాత్రం మర్యాదగా ఉండాలి. రికార్డుల గదిలోని ఉద్యోగి మనకు శత్రువు కాడు. సలాంతోనో నమస్కారంతోనో మొదలైన మాటకు తలుపు త్వరగా తెరుచుకుంటుంది.

పిల్లల టీకాల కార్డు

మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985 నుండి నడుస్తున్నది. పుట్టగానే బి.సి.జి., హెపటైటిస్-బి, పోలియో చుక్కలు. 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ మొదలైనవి. 9 నెలలు నిండాక తట్టు–రుబెల్లా టీకా మొదటి డోసు, 16 నుండి 24 నెలల మధ్య రెండవది. 5 నుండి 6 ఏళ్ల వయసులో డి.పి.టి. బూస్టరు, 10, 16 ఏళ్లకు టి.డి. టీకా. పదహారేళ్లపాటు సాగే ఈ లెక్కను ఏ తల్లీ కంఠస్థంగా గుర్తుపెట్టుకోలేదు. అందుకే తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు.

అది పోతే ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో వివరాలు దొరకవచ్చు. ఇటీవల పుట్టిన పిల్లల టీకాలు యూ-విన్ పోర్టల్‌లో నమోదై ఉంటే, నమోదు సమయంలో ఇచ్చిన ఫోను నంబరు ద్వారా ధ్రువపత్రం తీసుకోవచ్చు. ప్రైవేటు పిల్లల వైద్యుని దగ్గర టీకాలు వేయిస్తే, ప్రతిసారీ టీకా పేరు, తేదీ, బ్యాచి నంబరు, సంతకం కార్డులో పడ్డాయో లేదో అక్కడే చూసుకోవాలి. ఆ వైద్యుడు ఊరు మారితే, క్లినిక్ మూసివేస్తే, ఆయన దగ్గరి ఫైలు మనకు దొరకడం కష్టం.

ఏ ఆధారమూ దొరకకపోతే నిరాశ పడనవసరం లేదు. మధ్యలో ఆగిన టీకాలను మొదటి నుండి మళ్లీ వేయనవసరం లేదు, ఆగిన చోటి నుండి కొనసాగిస్తారు. అసలు వేశారో లేదో తెలియనప్పుడు, వయసును బట్టి ఏవి మళ్లీ వేయాలో వైద్యుడే నిర్ణయిస్తాడు. అమెరికాలో చదువుకు వెళ్లే మన పిల్లలను అనేక విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా రెండు డోసుల ఆధారం అడుగుతాయి. ఆ కార్డు బీరువాలో ఉన్న ఇంటివారికి అది ఒక్కరోజు పని. లేనివారు రక్తపరీక్షలకో, మళ్లీ టీకాలకో తిరగాలి.

హజ్, ఉమ్రా యాత్రికులకు

హజ్ సమయంలో లక్షలాది మంది ఒకే చోట చేరుతారు. 1987లోనూ, 2000లోనూ హజ్‌తో ముడిపడి మెనింజైటిస్ వ్యాపించింది. అందువల్ల నాలుగు రకాల మెనింగోకోకల్ సూక్ష్మజీవుల నుండి రక్షణనిచ్చే టీకాను సౌదీ ప్రభుత్వం తప్పనిసరి చేసింది. అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందు దానిని తీసుకుని ఉండాలి. టీకా రకాన్ని బట్టి అది 3 లేదా 5 సంవత్సరాల వరకు చెల్లుతుంది. కాబట్టి ధ్రువపత్రంపై తేదీతోపాటు టీకా రకం కూడా స్పష్టంగా ఉండాలి. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్న పెద్దలు వాడే మందుల చీటీని, జబ్బు వివరాలతో వైద్యుని లేఖను వెంట తీసుకువెళ్లాలి. మినాలో స్పృహ తప్పిన మనిషి తరఫున ఆ లేఖే మాట్లాడుతుంది.

వ్రాసి ఉంచడం మన సంప్రదాయమే

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు, మొత్తం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాసి ఉంచుకోవాలని అది బోధిస్తున్నది. డబ్బు విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, అల్లాహ్ మనకు అమానతుగా ఇచ్చిన శరీరం విషయంలో ఎంత జాగ్రత్త ఉండాలి! వ్రాసిపెట్టుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ మనకందరికీ తెలిసినదే.

మశూచికీ, తట్టుకూ మధ్య తేడాను వివరిస్తూ గ్రంథం వ్రాసిన మహా వైద్యుడు అబూబక్ర్ అర్రాజీ తన రోగుల వివరాలను ఓపికగా నమోదు చేసేవారు. ఆయన విడిచి వెళ్లిన నోట్సు నుండే ఆయన మరణానంతరం 'అల్‌హావీ' అనే బృహత్ వైద్య గ్రంథం రూపొందింది. వెయ్యేళ్ల క్రితం వైద్యుడు తన రోగుల కోసం చేసిన పనిని, నేడు మనం మన ఇంటివారి కోసం చేయలేమా?

గోప్యత మరువరాదు

అమానతుకు రెండవ వైపు కూడా ఉన్నది. ఒక స్త్రీ వైద్య రిపోర్టును ఆమె అనుమతి లేకుండా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, సంతానలేమి వంటి విషయాలను బంధువుల మధ్య చర్చకు పెట్టడం ద్రోహమే. పద్దెనిమిదేళ్లు నిండిన కుమార్తె రికార్డులు ఆమెవే, భార్య రికార్డులు భార్యవే. వాటిని భద్రపరచడంలో సాయం చేద్దాం, వారి అనుమతితోనే తెరుద్దాం.

ఇప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫైలు ఉన్నది. మొదటి పేజీలో రక్తవర్గం, ఉన్న జబ్బులు, వాడే మందులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు వ్రాశాము. కాగితాలన్నిటికీ ఫోనులో ఫొటోలు కూడా ఉన్నాయి. మా తల్లిగారి ఫైలులో మాత్రం, పడని మందు దగ్గర ఎర్రసిరాతో "పేరు తెలియదు, ఆంటీబయాటిక్ ఇంజెక్షన్, జాగ్రత్త" అని వ్రాయవలసి వచ్చింది. ఆమె తరచూ ఆ పేజీ తిప్పి చూసి, "మనవళ్ల ఫైళ్లలో ఇలా ఖాళీ ఉండనీయకండి బేటా" అంటారు.

పాఠక సహోదరీ సహోదరులారా! గత మూడేళ్లలో మీ ఇంటి నుండి ఎవరైనా ఆసుపత్రిలో చేరి ఉంటే, ఈ వారమే దరఖాస్తు వ్రాయండి. అల్లాహ్ మన కుటుంబాలకు ఆరోగ్యాన్ని, అమానతులను కాపాడుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.