లేజర్ తంతువు, మేఘబిందువు: అనంతపురం నేపథ్యంలో ఒక పరిశీలన

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం పీఠభూమికి సాలీనా దక్కే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 2000ల దశకంలో ప్రభుత్వం ఈ జిల్లా ఆకాశంలో విమానాలతో మేఘమథనం జరిపించింది. రసాయనాలు చల్లకుండా కాంతితోనే ఆవిరిని బిందువులుగా మార్చవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం అణువును వీడే ఎలక్ట్రాను నుంచి మొదలవుతుంది.

సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకండ్. 800 నానోమీటర్ల లేజర్ కాంతిలో విద్యుత్ క్షేత్రం 2.7 ఫెమ్టోసెకండ్లకు ఒకసారి ఊగుతుంది. ఆ కాంతిలో ఒక్కొక్క ఫోటాను శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రానును విడదీయడానికి 12.07 కావాలి. సాధారణ కాంతి వల్ల ఇది కాదు. తీవ్రకాంతిలో మాత్రం అణువు ఎనిమిది ఫోటాన్లను ఒక్కసారిగా గ్రహిస్తుంది. తీవ్రత మరింత పెరిగితే క్షేత్రమే శక్తి అవరోధాన్ని వంచగా, ఎలక్ట్రాను సొరంగంలో నుంచి వచ్చినట్లు బయటపడుతుంది. ఈ రెండూ ఒకే ప్రక్రియకు రెండు కొసలని 1964లో కెల్డిష్ చూపాడు.

కొన్ని గిగావాట్ల శక్తి దాటిన లేజర్ స్పందం గాలిలో తనంతట తానే కేంద్రీకృతమవుతుంది. విడుదలైన ఎలక్ట్రాన్లు దానిని చెదరగొడతాయి. ఈ పెనుగులాటలో దాదాపు 100 మైక్రోమీటర్ల మందం గల కాంతి తంతువు నిలుస్తుంది. అక్కడి తీవ్రత చదరపు సెంటీమీటరుకు 50 లక్షల కోట్ల వాట్ల దరిదాపుల్లో ఆగిపోతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పి. ప్రేమ్ కిరణ్ బృందం ఇటువంటి తంతువులపై పరిశోధించింది.

ఈ తంతువులు మేఘపేటికలోనూ, బెర్లిన్ ఆకాశంలోనూ నీటి బిందువులను పుట్టించాయని 2010లో కాస్పేరియన్, వోల్ఫ్ తదితరులు ప్రకటించారు. అయాన్ల చుట్టూ ఆవిరి చేరిందనుకోవడం సహజమే, విల్సన్ మేఘపేటికలో జరిగేది అదే కదా! కానీ 2011లో వెలువడిన రోన్ నదీతీరపు కొలతలు నైట్రిక్ ఆమ్లం వైపు వేలు చూపాయి. తంతువులో నత్రజని, ఆక్సిజన్ల నుంచి పుట్టిన ఆ ఆమ్లం, వానాకాలంలో ఉప్పు చెమర్చినట్లు, 70 శాతం సాపేక్ష తేమలోనే నీటిని పట్టుకుంది.

అయితే ఆ బిందువులు కొన్ని మైక్రోమీటర్లకు మించలేదు. రెండు మిల్లీమీటర్ల వానచినుకు తయారు కావడానికి 20 మైక్రోమీటర్ల మేఘబిందువులే పది లక్షలు కలవాలి. పైగా అనంతపురం వేసవి గాలిలో 70 శాతం తేమ ఎక్కడిది? లేజర్‌తో వాన కురిపించడం ఇక్కడ ఇప్పట్లో ఆశించదగినది కాదు. తంతువు వెదజల్లే తెల్లని కాంతికి మాత్రం తక్షణ ప్రయోజనం ఉంది. తిరిగివచ్చే ఆ కాంతిని విశ్లేషిస్తే మేఘంలోని తేమను, బిందువుల పరిమాణాన్ని నేలమీది నుంచే అంచనా వేయవచ్చు. విమానం ఎగరకముందే ఆ మేఘం మథనానికి తగినదో కాదో పరీక్షించవచ్చు.