ఎర్రబురదలోని ధనము

ద్రావకమనగానే మనకు జలమే స్ఫురించును. ఉప్పు జలమున కరగుట యెల్లరెరిగినదే. ఉప్పే ద్రవమై యితర పదార్థములను కరిగించుట సామాన్యుల యూహకందదు. వంటయింటి యుప్పు ద్రవమగుటకు 801 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి కావలయును. కాని 1914లో పాల్ వాల్డెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 12 డిగ్రీల ప్రాంతముననే ద్రవించు నొక లవణమును వర్ణించెను. ఇట్టి లవణములకే అయానిక ద్రవములని పేరు. సాధారణముగా వానియందలి అయానులు స్థూలములు, విషమాకారములు. కావున స్ఫటికమున నొద్దికగా నిముడజాలవు.

ఈ ద్రవములు లోహముల ఆక్సైడులను తాకినపుడు జరుగు వ్యవహారము కేవల పండితవినోదము గాదు. బాక్సైటునుండి అల్యూమినా తీయు కర్మాగారములయందు టన్ను అల్యూమినాకు టన్ను, టన్నున్నర ఎర్రబురద మిగులును. ఘాటైన క్షారముతో గూడిన యీ బురదను కట్టలు పోసి నిలువచేయుదురు. 2010 అక్టోబరు 4వ తేదీన హంగరీ దేశమున ఐకా పట్టణము చెంత అట్టి కట్ట తెగి, కొలొంటార్, దెవెచెర్ అను ఊళ్లపై బురద పొరలి, పదిమంది ప్రాణములను గొన్నది.

ప్రాణములు తీసిన యీ బురద జాతియందే స్కాండియము మొదలగు విరళ లోహములు ఆక్సైడుల రూపమున నుండును. వానిని వేరుపరచు టెట్లు? ఖనిజామ్లములు పోసినచో వానితోపాటు ఇనుమును విశేషముగా కరగి వచ్చి, పని చిక్కువడును. 2006లో బెల్జియము దేశపు లూవెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహకారులును, బీట్‌దుంపయందు దొరకు బీటెయిను మూలముగా నొక అయానిక ద్రవమును ప్రకటించిరి. అందలి ఆమ్లభాగము ఆక్సైడు ఉపరితలమును చేరి, తన ప్రోటానును అచటి ఆక్సిజనునకిచ్చును. ఆ ఆక్సిజను నీరై తొలగును. విడివడిన లోహమును ఆ భాగమే చేపట్టి ద్రవములోనికి గొనిపోవును. విరళ మృత్తికల ఆక్సైడులు, రాగి, తుత్తునాగముల ఆక్సైడులు దీనికి లొంగును. ఇనుము, అల్యూమినియము ఆక్సైడులును, ఇసుకయు దాదాపు లొంగవు. ఈ వివక్షయే దీని ఘనత. 2016లో ఏథెన్సు పరిశోధకులు గ్రీసు దేశపు ఎర్రబురదపై దీనిని ప్రయోగించి, ఇనుమును స్వల్పముగా మాత్రమే కదల్చి విరళ లోహములను రాబట్టిరి. పిమ్మట ఆమ్లజలముతో కడిగిన లోహము జలములోనికి వచ్చును, ద్రవము మరల పనికి సిద్ధమగును.

అయినను తొందరపడి జయఘోష చేయరాదు. ఈ ద్రవము వెల యధికము. కడుగునపుడు కొంత నీటిపాలగును. ఫ్లోరినుతో గూడినది గావున నేలపాలగుట క్షేమము గాదు. అదిగాక, విరళ లోహములు తీసిన పిదపను బురదరాశి యించుమించు తరుగదు. లోహము కర్మాగారమునకు, బురద పల్లెకు అను పంపకము న్యాయము గాదు. విరళ లోహములపై వచ్చు లాభమున ముందుగా కట్టల భద్రతకు వ్యయము చేయుటయే ఈ విద్యకు సార్థకత.