విషలోహములను పట్టు సముద్రపు నాచు

తాండవనది మన తుని పట్టణము నొరసికొని పారి పెంటకోటయొద్ద సముద్రమున గలియుచున్నదని మన విద్యార్థు లందఱు నెఱుగుదురు. మనము వీథులందును కాలువలందును విడిచిన వస్తువులు వానలకు గొట్టుకొనిపోయి తుదకు సముద్రమునే చేరును. వానిలో ఆకులలములు క్రుళ్లి నశించును. పాత బ్యాటరీలనుండియు, రంగులనుండియు, లోహములకు పూతవేయు కర్మాగారములనుండియు వచ్చు సీసము, కాడ్మియము, రాగి, జస్తము మొదలగునవి యట్లు నశించునవి కావు. అవి మూలధాతువులు, ఎచ్చటికి బోయినను అవియే.

నీరు కాచి త్రాగిన భయము లేదని మన యిండ్లలో బెద్దలు చెప్పుదురు. సూక్ష్మజీవుల విషయమున నది సత్యమే. కాని కాచుటవలన సీసము పోదు. నీ రావిరియైపోవుకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. సీసము పసిపిల్లల మెదడునకు జేయు హాని మిక్కిలి గొప్పది. మన దేశపు ప్రమాణములనుబట్టి లీటరు త్రాగునీటిలో సీసము 0.01 మిల్లీగ్రామునకును, కాడ్మియము 0.003 మిల్లీగ్రామునకును మించరాదు. ఇంత స్వల్పమైనదానిని కన్నుగాని నాలుకగాని కనిపెట్టజాలదు.

ఇట్టి లోహములను నీటినుండి తీయుటకు సముద్రపు నాచు పనికివచ్చును. నాచు బ్రదికియుండ నక్కఱయు లేదు. ఎండిన నాచే యీ పని చేయును. గోధుమవన్నె నాచుల కణకుడ్యములందు ఆల్జినికామ్లమను పదార్థము గలదు. దానియందు ఋణవిద్యుత్తుగల స్థానము లనేకము లుండును. సముద్రమునం దుండగా కాల్సియము, సోడియము మొదలగునవి యా స్థానముల నాక్రమించియుండును. ధనవిద్యుత్తుగల సీసము సమీపించినపుడు కాల్సియము విడిపోవును, సీసము దృఢముగ నంటుకొనును. సత్రములో నొక బాటసారి లేచిన యరుగుమీద మఱియొకడు వచ్చి కూర్చున్నట్లే యిది జరుగును.

ఇది దూరదేశపు వార్త కాదు. విశాఖపట్టణపు రాతితీరమున పెక్కువిధముల నాచులు పెరుగును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయన ఇంజనీరింగు శాఖలోని పరిశోధకులు అల్వా ఫేసియేటా యను పచ్చనాచుతో నీటినుండి రాగిని, జస్తమును తీయు విధమును పరిశోధించి 2006వ సంవత్సరమున ప్రకటించిరి.

ఉపాధ్యాయుల సమక్షమున విద్యార్థులు దీనిని విజ్ఞానశాలలో బరీక్షింపవచ్చును. కొంచెము మైలుతుత్తమును నీట గరగించి రెండు పాత్రలలో బోయవలెను. చక్కగ కడిగి యెండబెట్టిన నాచుపొడి నొకదానిలో మాత్రము వేసి, గంటసేపు కలిపి, రెంటిని వడగట్టి, యందు అమ్మోనియా చేర్చవలెను. నాచు వేయని నీరు ముదురునీలమగును. రెండవదాని నీలము తగ్గియుండును. ఆ తగ్గిన రాగి నాచులో నున్నది.

ఈ తుదిమాటయే మిక్కిలి ముఖ్యమైనది. నాచు విషమును నాశనము చేయదు, తనయందు నిలుపుకొనును. అట్టి నాచును పెరటిలో నెరువుగా వేసినను, ఏటిలో బాఱవైచినను విషమును మరల మన యింటికి బిలిచినట్లే యగును. విలీనామ్లముతో దానిని కడిగిన లోహము కొద్దిపాటి ద్రవములోనికి దిగివచ్చును, నాచు మఱియొకసారి పనికివచ్చును. ఆ లోహమును జాగ్రత్తగ వేఱుచేసి యుంచుట నిపుణుల పని.

మఱియు అన్ని విషములు నాచునకు లొంగవు. పాషాణము నీటిలో సాధారణముగ ధనవిద్యుత్తు లేని రూపమున నుండును గనుక నాచున కంతగా నంటదు. కాబట్టి తలిదండ్రులు మా వ్యాసమును జదివి యింటి కడవలో నాచు వేయవలదు. అనుమానము కలిగిన నీటిని పరీక్షశాలకు బంపుటయే యుక్తము.

నాచు చేయు నుపకారము గొప్పదే. కాని నీట గలిసిన విషమును తీయుటకంటె, కలియకుండ గాపాడుట సులభము. పాడైన బ్యాటరీని కాలువలో విసరక తగినచోట నప్పగించు బాలుడు పెంటకోట సముద్రమునకు జేయు మేలు సామాన్యమైనది కాదు.