ఇంటి వస్తువులు - వాని గుణములు

పండుగ దగ్గరపడిన దనగానే తెలుగువారి ఇండ్లలో అటకమీది ఇత్తడి సామాను క్రిందికి దిగును. బిందెలు, చెంబులు, దీపపుసెమ్మెలు, హారతిపళ్లెములు బావిగట్టు మీదనో, కుళాయి క్రిందనో వరుసగా చేరును. నెలల తరబడి వాడక పడియుండుటచే నల్లబడిన ఆ పాత్రలను ఇంటి ఇల్లాలు పిడికెడు చింతపండుతో రుద్దగానే అవి పసిడివలె మెరయును. చూచుచున్న పిల్లలకు అది గారడీవలె తోచును. ఆ గారడీకి కారణము చింతపండులోని పులుపే.

ఇత్తడి యనునది రాగియు తుత్తునాగమును కలిసిన మిశ్రలోహము. గాలిలోని ప్రాణవాయువు సోకగా అందలి రాగి క్రమముగా నల్లబడును. దానికి తేమయు, బొగ్గుపులుసు వాయువును తోడైనచో ఆకుపచ్చని పొర యొకటి పుట్టును. దానినే కిలుమనియు, చిలుమనియు అందురు. చింతపండులో టార్టారికామ్లము సమృద్ధిగా కలదు. ఆ ఆమ్లము ఈ పొరను కరగించి, అడుగున నున్న లోహమును బయటపెట్టును. కొంచెము ఉప్పు చేర్చినచో పని మరింత త్వరగా జరుగును. పిండిన నిమ్మచెక్కయు, పులిసిన మజ్జిగయు ఈ పనినే చేయును. పాత్రను తోమిన వెంటనే మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. తడి యారక విడిచిన పాత్రపై మరునాటికే మచ్చలు తేలును. చాలమంది ఈ చివరి పనిని మరచి, చింతపండును నిందింతురు.

అయితే, కిలుమును కరగించిన ఆ గుణమే వంటలో ప్రమాదకరము. చారు, పులుసు, పెరుగు మున్నగు పుల్లని పదార్థములను కలాయి లేని ఇత్తడి పాత్రలో నిలువ యుంచినచో, అందలి ఆమ్లము రాగిని కొంచెము కొంచెముగ కరగించి ఆహారములో కలుపును. అట్టి ఆహారమును తిన్నవారికి కడుపునొప్పియు, వాంతులును కలుగును. పూర్వులు ఈ సంగతి నెరిగియే వంటపాత్రలకు లోపల కలాయి పూయించిరి. కలాయి వేయువాడు పాత్రను నిప్పులపై బాగుగా కాల్చి, నవాసాగరపు పొడి చల్లి, కరగిన తగరమును గుడ్డతో లోపలి భాగమంతట పులుమును. నవాసాగరము లోహముపై నున్న మలినమును తొలగించును. అప్పుడుగాని తగరము పాత్రకు అంటదు. ఈ పూత శాశ్వతము కాదు. లోపల పచ్చని ఇత్తడి తిరిగి కనబడిన నాడు ఆ పాత్రకు మరల కలాయి వేయింపవలసినదే. తగరములో సీసము కలిసినచో మొదటి కీడుకంటె రెండవ కీడు పెద్దదగును. సీసము దేహములో చేరి, ముఖ్యముగ చిన్నపిల్లల మెదడునకు హాని చేయును. కావున పూత వేయువాడు శుద్ధమైన తగరమునే వాడునట్లు చూచుకొనవలెను. వీధిలో కలాయివాని కేక వినబడుట నేడు అరుదైనది. పులుసునకు స్టీలు గిన్నెయో, మట్టికుండయో వాడి, పాత ఇత్తడి గిన్నెను ముచ్చటకు ఉంచుకొనుట తెలివైన పని.

జిడ్డు పట్టిన గిన్నెలకు చింతపండు పనికిరాదు. అచట కట్టెల బూడిద కావలెను. బూడిదలో క్షారము కలదు. అది నూనెతో కలిసి కొంతవరకు సబ్బుగా మారును. అందుచేతనే తోమువారి చేతికి అది జారుచున్నట్లు తోచును. బూడిదను జల్లించి వాడవలెను. లేనిచో అందలి రాళ్లు పాత్రపై గీతలు గీయును.

కుంకుడుకాయ గుణము వేరు. గింజను తీసి, పైతొక్కను నలుగగొట్టి, వేడినీట నానవేసి పిసికినచో తెల్లని నురుగు వచ్చును. ఈ నురుగునకు మూలము సాపోనిన్ అను పదార్థము. శాస్త్రజ్ఞులు ఈ చెట్టుకు పెట్టిన సాపిండస్ అను లాటిను పేరునకు ‘భారతదేశపు సబ్బు’ అని అర్థము. పట్టును, ఉన్నియు జంతువుల వలన వచ్చిన నారలు. క్షారము వానిని చెరచును. కుంకుడురసములో క్షారము లేదు గనుక పట్టుబట్టలను, శాలువలను దానితో ఉతికినచో అవి నిగ్గు చెడక యుండును. కంట పడినచో అది ఎంత మండునో తలంటు పోసికొనిన ప్రతివారికిని తెలియును. ఆ రసము చేపలకు విషము. వాడిన నీటిని చెరువులో పోయరాదు.

ఇన్ని వస్తువులు మంచివైనప్పుడు అన్నిటిని కలిపినచో ఇంకను మంచి జరుగునని కొందరు తలంతురు. ఇది పొరపాటు. ముఖ్యముగ బ్లీచింగు పొడిని, మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును ఒక్కచోట కలుపరాదు. కలిపినచో క్లోరిను అను విషవాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీయును. తలుపులు మూసిన చిన్న గదిలో నది ప్రాణాంతకము కూడ కాగలదు. ఒకదానితో కడిగిన నేలను పుష్కలమైన నీటితో శుభ్రపరచిన పిదపనే రెండవదానిని తాకవలెను.

చింతపండు వాడుకొని గింజలను పారవేయుట ఇండ్లలో మామూలు. కాని చింతగింజలతో మంచి జిగురు తయారగును. గింజలను వేయించి, ఎర్రని పొట్టు రాల్చి, పప్పును రాత్రియంతయు నానవేసి, మెత్తగా రుబ్బి, నీరు పోసి సన్నని సెగపై కలియబెట్టుచు ఉడికింపవలెను. చిక్కబడిన ఈ జిగురుతో పుస్తకములకు అట్టలు వేయవచ్చును. గాలిపటములు, కాగితపు బుట్టలు అంటింపవచ్చును. రెండు మూడు దినములకే ఇది చెడిపోవును గనుక కావలసినంతయే చేసికొనుట మంచిది. కృష్ణానదికి చేరువనున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారు తేలికయైన పొణికికఱ్ఱను చెక్కి, కాలు, చేయి, తల వేరువేరుగ చేసి, చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపిన ‘మక్కు’తో అతుకుదురు. పైన రంగు పడిన పిదప అతుకు ఎచటనున్నదో చూపరులకు తెలియదు.

ఇక త్రాగునీటి సంగతి. వరదకాలమున ఏటినీరు బురదగా వచ్చినపుడు పల్లెలలో చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్దుదురు. ఆ గింజలోని పదార్థము నీటిలోని సన్నని మట్టికణములను ఒకదానితో నొకటి చేర్చి బరువెక్కించును. అవి అడుగునకు దిగును. పటికయు ఇట్టిపనియే చేయును. నీరు తేటపడును గాని, తేటపడిన నీరెల్ల త్రాగదగినది కాదు. రోగక్రిములు కంటికి కనబడవు.

ఈ విషయమున పాతచీర యొకటి చేసిన మేలు చెప్పదగినది. కలరా క్రిములలో చాలభాగము నీటిలోని అతిసూక్ష్మమైన పురుగులను అంటిపెట్టుకొని యుండును. రీటా కోల్‌వెల్ అను అమెరికా శాస్త్రవేత్త్రియు ఆమె సహచరులును బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతమున, పాతచీరను నాలుగు మడతలకు తక్కువ కాకుండ వేసి, దానిగుండ నీరు వడగట్టుటను గ్రామస్త్రీలకు నేర్పిరి. 2003లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి, ఆ పల్లెలలో కలరా సుమారు సగమునకు తగ్గినది. ఇచట క్రొత్తచీరకంటె పాతచీరయే మేలు. పలుమార్లు ఉతికిన నూలుపోగులు విచ్చుకొని రంధ్రములను ఇరుకుపరచును.

వడగట్టినంత మాత్రమున క్రిములన్నియు పోవు. వంటచెరకునకు వీలున్నవారు ఆ నీటిని తెర్లునట్లు కాచి, చల్లార్చి, మూతపెట్టి వాడుకొనవలెను. వాడిన గుడ్డను మొదట ఏటినీటిలో జాడించి, కడపట వడగట్టిన నీటితో నొకమారు కడిగి, ఎండలో బాగుగా ఆరవేయవలెను. మరునాడు నీరు పోయునపుడు నిన్నటి పైవైపు నేడును పైవైపుగనే యుండవలెను. తిరుగబడినచో నిన్న పట్టిన మలినమే నేటి బిందెలో పడును.