డీఎన్ఎస్‌లో పేరు ఎవరిది?

ఆఫీసు నెట్‌వర్క్‌లో చేరిన కంప్యూటరుకు డీహెచ్‌సీపీ సర్వరు కొంత గడువుకు ఐపీ అడ్రసు ఇస్తుంది. ఏ పేరుకు ఏ అడ్రసో డీఎన్ఎస్ సర్వరు చెబుతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్ క్యాంపస్‌లలో ల్యాప్‌టాప్‌లు డెస్కు దగ్గర కేబుల్‌కూ, మీటింగ్ రూములో వైఫైకీ మారుతూనే ఉంటాయి. ఆ మార్పులన్నీ డీఎన్ఎస్‌లో చేత్తో రాయడం అయ్యే పని కాదు. అడ్రసు ఇచ్చిన సర్వరే పేరునూ నమోదు చేయించడానికి 1997లో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 2136 దారి వేసింది.

ఈ ఏర్పాటులో అద్భుతమైనది పేరు ఎవరిదో తేల్చే పద్ధతి. దీన్ని 2006లో ఆర్ఎఫ్‌సీ 4701, 4703 స్థిరపరిచాయి. ఈ పేరు వాడుకలో లేకపోతేనే రాయాలన్న షరతుతో డీహెచ్‌సీపీ సర్వరు మొదటి అప్‌డేట్ పంపుతుంది. పేరు అప్పటికే ఉంటే ‘వైఎక్స్‌డొమైన్’ అని జవాబొస్తుంది. అప్పుడు రెండో అప్‌డేట్ వెళ్తుంది: ఆ పేరుతో ఉన్న డీహెచ్‌సీఐడీ రికార్డు ఈ కంప్యూటరుదే అయితేనే అడ్రసు మార్చాలి. కంప్యూటరు గుర్తింపునూ, పూర్తి పేరునూ కలిపి ఎస్‌హెచ్ఏ-256తో తీసిన హ్యాషే ఆ రికార్డులో ఉంటుంది. అది సరిపోకపోతే ‘ఎన్ఎక్స్ఆర్ఆర్‌సెట్’ వస్తుంది, పేరు పాత యజమానికే ఉండిపోతుంది. షరతు చూడటం, రికార్డు మార్చడం డీఎన్ఎస్ సర్వరులో విడదీయరాని ఒకే పనిగా జరుగుతాయి. అందుకే ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు పోటీపడినా తగవు రాదు.

లాగ్‌లో వైఎక్స్‌డొమైన్ కనబడగానే అనుమతుల లోపమనుకోవడం పొరపాటు; అది మొదటి మెట్టు మాత్రమే. అడ్రసు ఉండే ‘ఏ’ రికార్డును చేత్తో తీసేసి డీహెచ్‌సీఐడీని వదిలేయడం ఇంకో పొరపాటు. ఆ పేరు ఇంకా పాత కంప్యూటరు ఖాతాలోనే ఉంటుంది. ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వరు సాఫ్ట్‌వేర్‌కు నిర్వహణ 2022లో ఆగిపోవడంతో దాని స్థానంలో వచ్చిన కీయాకు మారేవారికి ఇక్కడే చిక్కు. పాత సాఫ్ట్‌వేర్ ‘ఇంటెరిమ్’ పద్ధతిలో యజమాని గుర్తును టీఎక్స్‌టీ రికార్డులో దాచేది. కీయా వెతికేది డీహెచ్‌సీఐడీ కోసం. పాత గుర్తులు తొలగించాలి. మ్యాక్ అడ్రసే గుర్తింపైతే కేబుల్‌లో, వైఫైలో ఒకే ల్యాప్‌టాప్ ఇద్దరు యజమానులుగా కనిపిస్తుంది. ఆర్ఎఫ్‌సీ 4361 చెప్పిన డీయూఐడీ (యంత్రమంతటికీ ఒకే గుర్తింపు) వాడితే ఒకటే అవుతుంది.

మిగతా లోపాలను జవాబు కోడే పట్టిస్తుంది. ‘బ్యాడ్‌కీ’ అంటే అప్‌డేట్‌పై సంతకం చేసే టీఎస్ఐజీ తాళంచెవిని అవతలి సర్వరు గుర్తించలేదు. ‘బ్యాడ్‌టైమ్’ అంటే గడియారాల తేడా పరిమితి దాటింది. మామూలుగా ఆ పరిమితి 300 సెకన్లు. ‘నాట్‌ఆథ్’ వస్తే ఆ పేరున్న జోన్ అసలు ఆ సర్వరులో ఉందో లేదో చూడాలి. అడ్రసు నుంచి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు ఒక్కటే పడనప్పుడు రివర్స్ జోన్‌తో మొదలుపెట్టాలి. బైండ్ డీఎన్ఎస్ సర్వరులో డైనమిక్ జోన్ ఫైలును సరిదిద్దే ముందు ‘ఆర్ఎన్‌డీసీ ఫ్రీజ్’ తప్పనిసరి.

ఇవన్నీ చూడకుండా యజమాని తనిఖీనే ఆపేయడం చేయకూడని పని. తనిఖీ లేకపోతే పేరు చివరగా వచ్చినవారి పాలవుతుంది. ఫైల్ సర్వరు పేరు పెట్టుకుని వచ్చిన ఏ ల్యాప్‌టాప్ అయినా ఆ సర్వరుకు వెళ్లాల్సిన వారందరినీ తనవైపు తిప్పుకోగలదు.