పాత జీపుకు ఎత్తు కంటే పట్టు ముఖ్యం
కమాన్లు లేపించే ముందు టైర్లు చూసుకోవాలి

ఏజెన్సీలో పాత జీపుకు ఇంకా కాలం చెల్లలేదు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి పోయే రాళ్లదారిలో, కొండవాలు గూడేలకు పోయే మట్టిబాటల్లో, కారు ఆగిపోయిన చోట జీపు పాకుతూ పోతుంది. అయితే వానలకు బాట కోసుకుపోతే జీపు అడుగు రాతికి తగులుతుంది. ‘కమాన్లు లేపించి పెద్ద టైర్లు వేయించు’ అన్న సలహా అప్పుడే వినిపిస్తుంది. ఆ సలహాలో సగమే నిజం. మిగతా సగం తెలియకుండా డబ్బు పోస్తే బండి బురద దాటుతుందేమో గాని, ఘాట్ మలుపులో మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది.

పుట్టుకతోనే పొట్టి బండి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు ఈ బండ్లకు మూలం. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో వీటిని బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇక్కడే తయారు చేశారు. మన పల్లెల్లో పాతవారికి బాగా తెలిసిన సిజె-3బి రకంలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు నాలుగడుగులే. ఇరుకు బాటలో ఇది వరం. బండిని ఎత్తు చేస్తే మాత్రం ఇదే శాపం. కాళ్లు దగ్గరగా ఉన్న బల్ల ఎత్తు పెరిగేకొద్దీ తేలికగా ఒరిగిపోతుంది. జీపు సంగతీ అంతే.

ఏది లేస్తుంది? ఏది లేవదు?

చాలామంది పొరబడేది ఇక్కడే. కమాన్లు లేపిస్తే లేచేది చాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ ఒక్క అంగుళం కూడా లేవదు. బాట మధ్య రాయికి ముందుగా తగిలేది సాధారణంగా అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే. అదీ టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగమే. పాత జీపుకు వచ్చే 6.00-16 టైరు బదులు 7.00-16 వేస్తే టైరు ఎత్తు సుమారు రెండంగుళాలు పెరుగుతుంది. డిఫరెన్షియల్ కింద దొరికే ఖాళీ ఒక అంగుళమే.

ఆ అంగుళానికి వెల ఉంది. చక్రం పెద్దదైతే చడావులో ఇంజను లాగుడు తగ్గుతుంది. పాత డ్రమ్ము బ్రేకులు అదే బండిని ఆపడానికి ఎక్కువ శ్రమపడతాయి. స్పీడు మీటరు 40 చూపుతుంటే బండి 43 దాకా పోతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, ఒక చక్రం రాతి మీదికి ఎక్కినప్పుడు టైరు కమానుకో, మడ్‌గార్డుకో రాసుకుంటోందేమో చూడాలి.

టైరు ఎంపిక

వెడల్పు టైరు చూపుకు బాగుంటుంది. ఇసుకలో పనికొస్తుంది. పైన బురద, కింద గట్టి నేల ఉన్న కొండబాటల్లో సన్నటి టైరే మేలు. అది బురదను కోసుకుని దిగి గట్టినేలను పట్టుకుంటుంది.

రోజంతా రాళ్లబాటలో మెల్లగా తిరిగే బండికి పక్కగోడలు గట్టిగా ఉండే నైలాన్ టైర్లు సరిపోతాయి. తారురోడ్డు ప్రయాణం ఎక్కువైతే రేడియల్ టైరు ఎక్కువ కాలం మన్నుతుంది, కుదుపు తక్కువ. రెండు రకాలనూ ఒకే బండికి కలిపి వేయరాదు. లోతైన బటన్లున్న టైరు బురదలో దిట్ట. తడిసిన తారు మీద మాత్రం దాని పట్టు తక్కువ.

నాలుగు చక్రాలకూ గేరు వేసి నడిపే బండికి నాలుగు టైర్లూ ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదలవి ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనుక రెండు అరిగినవి వేస్తే గేర్లపై ఒత్తిడి పడుతుంది. అందుకే పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ గేరు వేయకూడదు.

పాత టైరు కొనేవారు పక్కగోడ మీది నాలుగంకెలు చదవాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. బటన్లు నిండుగా కనిపించినా పక్కగోడ పగుళ్లు తేలితే దాన్ని వదిలేయాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో జీపును రోడ్డెక్కించడం నిబంధనలకు విరుద్ధం.

బురదలో పట్టు కోసం కొంత గాలి తీయడం తెలిసినదే. ట్యూబు టైరుకు మరీ తీస్తే టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాలి.

కమాన్ల సంగతి

జీపు కిందికి దిగిపోయిందంటే చాలాసార్లు కమాన్లు అలసిపోయాయనే అర్థం. చదునైన నేల మీద ఖాళీ బండిని నిలిపి, ప్రతి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి. ఎడమకు, కుడికి తేడా ఉంటే ఆకులు విరిగాయేమో, బుష్షులు అరిగాయేమో, యు-బోల్టులు వదులయ్యాయేమో చూడాలి. కంపెనీ కొలతతో మంచి కమాన్లు వేస్తే పోయిన ఎత్తు చాలావరకు తిరిగి వస్తుంది.

అదనపు ఆకులు వేస్తే బరువు మోస్తుంది గాని ఖాళీగా పోయేటప్పుడు బండి ఎగిరిపడుతుంది. షాకిళ్లు పొడవు చేయించడం చవక పని. రెండంగుళాల పొడవు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే, పైగా స్టీరింగు నిలకడ చెడుతుంది. ఇరుసు కింద ఉండే కమాన్లను ఇరుసు పైకి మార్చే పద్ధతిలో బండి ఐదంగుళాల దాకా లేస్తుంది. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు వంపు, స్టీరింగు కడ్డీలు, బ్రేకు గొట్టాల పొడవు, షాకబ్జర్లు అన్నీ మార్చాలి. వీటిలో ఒక్కటి వదిలేసినా ప్రమాదమే.

చట్టం మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన సొంత జీపుకు రిజిస్ట్రేషను పొడిగించుకునేటప్పుడు తనిఖీ తప్పదు. కాబట్టి చేతి డబ్బు వదిలించుకునే ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మేలు.

ఖర్చుకు వరస ఇది: ముందు బ్రేకులు, స్టీరింగు. తర్వాత మంచి కమాన్లు, బుష్షులు. ఆపైన నాలుగు సమానమైన టైర్లు, ఐదోది స్టెప్నీ. ఇంతవరకు చేస్తే చాలా బాటల్లో జీపు ఆగదు. ఎత్తు పెంచిన జీపులో సంతరోజున పైన, పక్కన, వెనుక జనాన్ని వేలాడదీసుకుని ఘాట్ దిగితే, ఏ టైరూ దాన్ని పట్టి ఆపలేదు.