క్రెడిట్ రిపోర్టులో తప్పుంటే ఉత్తరం రాయండి

అమెరికాలో ఇంటి లోనుకు వెళ్లేదాకా మనవాళ్లలో చాలామంది తమ క్రెడిట్ రిపోర్టు తెరిచి చూడరు. తీరా చూస్తే ఎవరిదో కారు అప్పో, ఎప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ పేర తీరిపోయిన బాకీయో అందులో కనిపిస్తుంది. మన పేర్ల తీరు కూడా దీనికి తోడవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర. పొడవాటి పేరును ఒక బ్యాంకు సగంలో ఆపేస్తే, ఇంకో బ్యాంకు పొడి అక్షరాలతో సరిపెడుతుంది. ఒకే అడ్రసులో ఉండే అన్నదమ్ముల లెక్కలు కలిసిపోవడానికి ఇదే చాలు.

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ఆ తప్పును ప్రశ్నించే హక్కు ఇచ్చింది. వీసా మీద ఉన్నవారికీ ఆ హక్కు ఉంది. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులూ యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా దొరుకుతాయి. తప్పు ఎవరి రిపోర్టులో ఉంటే ఆ బ్యూరోకే రాయాలి.

ఆన్‌లైన్‌లోనూ అడగొచ్చు గానీ, నా ఓటు కాగితం మీది ఉత్తరానికే. అక్కడ చూపించిన కారణాల్లోంచి ఒకటి ఎంచుకోవడం వేరు, జరిగింది మన మాటల్లో రాసి రుజువులు జతచేయడం వేరు. అకౌంటు నంబరు, ఏది తప్పు, ఎందుకు తప్పు, తీసేయాలా సరిదిద్దాలా అన్నవి సూటిగా రాయండి. పడ్డ కష్టాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. రిపోర్టు కాపీలో ఆ అకౌంటు చుట్టూ గీత గీసి, రసీదుల నకళ్లు పెట్టండి. అసలు కాగితాలు పంపకండి. సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపి, ఉత్తరం నకలు మీ దగ్గర ఉంచుకోండి.

బ్యూరో సాధారణంగా 30 రోజుల్లో విచారణ ముగించాలి. మధ్యలో మీరు కొత్త కాగితాలు పంపితే 45 రోజుల దాకా పట్టవచ్చు. నిజమని తేలని వివరాన్ని తొలగించాలి లేదా సవరించాలి. ఆ వివరం ఇచ్చిన కంపెనీకీ ఒక ఉత్తరం రాయండి, కానీ దానితోనే ఊరుకోవద్దు. రేపు ఆ కంపెనీ సరిగా విచారించలేదని కోర్టుకెక్కాలంటే, ముందు బ్యూరో ద్వారా అడిగి ఉండాలి. జవాబు న్యాయంగా లేకపోతే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు చేయవచ్చు.

నిజంగానే ఆలస్యంగా కట్టిన వాయిదా ఏడేళ్ల దాకా రిపోర్టులో ఉండొచ్చు. దాన్ని చెరిపేస్తామని ముందే డబ్బు అడిగేవారిని నమ్మకండి. క్రెడిట్ రిపేర్ సంస్థలు పని పూర్తి చేయకముందే ఫీజు పుచ్చుకోవడాన్ని 1996 చట్టం నిషేధించింది.

ఇల్లు వెతకడం మొదలుపెట్టడానికి కనీసం మూడు నెలల ముందే మూడు రిపోర్టులూ తెప్పించి చదవండి.